అర్రే వేరు, పాయింటర్ వేరు: సీ పాఠం చెప్పేవారికి, ప్రశ్నపత్రం పెట్టేవారికి బహిరంగ లేఖ

ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఇంజనీరింగ్, పాలిటెక్నిక్, డిగ్రీ కాలేజీల్లో సీ ప్రోగ్రామింగ్ చెప్పే అధ్యాపకులకు, ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి, కీ రాసేవారికి, పరీక్షల విభాగం అధికారులకు,

నమస్కారం.

విషయం: 'అర్రే పేరు అంటే పాయింటరే' అన్న తప్పు వాక్యాన్ని నోట్సుల్లోంచి, ల్యాబ్ రికార్డుల్లోంచి, పరీక్ష కీల్లోంచి తీసేయాలని విన్నపం.

నేను హన్మకొండలో బీటెక్, డిప్లొమా పిల్లలకు సీ ల్యాబ్ చెప్తాను. ఈ సంగతి మీద కొందరం టీచర్లం కలిసి పరీక్షల విభాగానికి అర్జీ ఇచ్చాం. సబ్జెక్టు పెద్దలను కలిసి ప్రోగ్రాములు నడిపి చూపించాం. "అన్ని పుస్తకాల్లో అట్లనే ఉంది కదా", "ఒక్క మార్కు బిట్ కోసం కీ మారుస్తామా" అన్నారు. రాతపూర్వకంగా జవాబేదీ రాలేదు. అందుకే అందరి ముందూ పెడుతున్నాను. తల్లిదండ్రులు కూడా చదవాలని కోడ్‌ను తెలుగు అక్షరాల్లోనే రాశాను. అర్రే అంటే ఒకే రకం విలువలను పక్కపక్కనే పెట్టుకునే వరుస, పాయింటర్ అంటే మెమరీలో ఒక చోటి అడ్రస్ దాచుకునే గది.

జరిగింది ఇది. మొదటి సంవత్సరం పరీక్షలో ఒక బిట్ వచ్చింది: 'అర్రే పేరు ఒక కాన్‌స్టంట్ పాయింటర్. అవునా, కాదా?' కాన్‌స్టంట్ పాయింటర్ అంటే విలువ మార్చలేని పాయింటర్. కీలో 'అవును' అని ఉంది. 'కాదు' అని రాసి, పక్కన కారణం కూడా రాసిన పిల్లలకు సున్నా వేశారు. అదే పేపర్లో ఇంకో బిట్: పది పూర్ణాంకాల, అంటే పది ఇంట్‌ల అర్రేను ఫంక్షన్‌కు పంపి, ఆ ఫంక్షన్ లోపల దాని మీద సైజాఫ్ (ఎన్ని బైట్లో చెప్పేది) వేస్తే ఎంత వస్తుంది? కీలో 40 అని ఉంది. ఇవాళ్టి ఏ 64 బిట్ కంపైలర్‌తో (ప్రోగ్రాంను మిషన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) నడిపినా వచ్చేది 8. రీవాల్యుయేషన్‌కు డబ్బులు కట్టినవారికి 'కీ ప్రకారమే దిద్దాం' అని చెప్పారు.

పెద్దలు ఒక్క నిమిషం గమనించాలి. ఈ రెండు జవాబులూ ఒకదానితో ఒకటి పొసగవు. అర్రే పేరు పాయింటరే అయితే దాని సైజు ఎక్కడైనా 8 రావాలి, 40 ఎక్కడా రాకూడదు. ఫంక్షన్ లోపల కూడా 40 వస్తుందంటే అర్రే మొత్తం లోపలికి వెళ్లినట్టు, అంటే అది పాయింటర్ కానట్టు. ఒకే పేపర్లో ఒక బిట్‌కు ఒక సిద్ధాంతం, ఇంకో బిట్‌కు దానికి ఎదురు సిద్ధాంతం పట్టుకుంటే తప్ప పిల్లలకు రెండు మార్కులూ రావు. పైగా రెండూ తప్పే.

అసలు విషయం కష్టమైనదేమీ కాదు. 'ఇంట్ మార్కులు[10];' అని రాస్తే కంపైలర్ పది అంకెలకు పక్కపక్కనే చోటు ఇస్తుంది. ఇంట్‌కు 4 బైట్లు పట్టే మిషన్‌లో మొత్తం 40 బైట్లు. అవి తప్ప, 'మార్కులు' అన్న పేరుతో అడ్రస్ దాచుకునే గది ఇంకొకటి మెమరీలో ఎక్కడా ఉండదు. 'ఇంట్ *పీ;' అని రాస్తే ఒక అడ్రస్ పట్టేంత గది మాత్రమే వస్తుంది, 64 బిట్ మిషన్‌లో 8 బైట్లు. ఏనుమాముల మార్కెట్‌లో పది గదుల గోదాము అర్రే అనుకుంటే, దాని మొదటి గది ఎక్కడుందో రాసిన చీటీ పాయింటర్. చీటీ మీద గదులు ఎన్నో రాసి ఉండదు. చీటీ మీద కొట్టేసి వేరే గోదాము అడ్రస్ రాసుకోవచ్చు, గోదామును కదపలేం.

తికమక ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్పాలి. లెక్కలో గానీ, ఫంక్షన్‌కు పంపేటప్పుడు గానీ అర్రే పేరు వాడితే, కంపైలర్ దాన్ని మొదటి ఎలిమెంట్ అడ్రస్‌గా మార్చుకుంటుంది. మార్కులు[3] అని రాసినా, *(మార్కులు+3) అని రాసినా ఒకటే అవుతుంది. పాయింటర్‌కు కూడా పీ[3] అని బ్రాకెట్లు పెట్టవచ్చు. ఇంతవరకు చూసి రెండూ ఒకటే అనుకోవడం సహజం. కానీ ఆ మార్పు జరగని చోట్లు ఉన్నాయి. సైజాఫ్ వేసినప్పుడు మారదు, 40 వస్తుంది. ముందు & పెట్టి అడ్రస్ అడిగినప్పుడు మారదు. స్ట్రింగ్‌తో, అంటే కోట్లలో రాసిన అక్షరాల వరుసతో, క్యారెక్టర్ అర్రేను నింపేటప్పుడు ఆ స్ట్రింగ్ కూడా మారదు, దాని అక్షరాలు అర్రేలోకి కాపీ అవుతాయి.

& దగ్గర పిల్లలు ఎక్కువ పొరపడతారు. మార్కులు, &మార్కులు రెండింటినీ ప్రింట్ చేస్తే ఒకే అడ్రస్ కనిపిస్తుంది. చాలా నోట్సులు అక్కడితో ఆపేస్తాయి. రెండింటికీ ఒకటి కలిపి చూడమని నా మనవి. మార్కులు+1 అంటే 4 బైట్లు ముందుకు జరుగుతుంది. &మార్కులు+1 అంటే 40 బైట్లు ముందుకు జరుగుతుంది. మొదటిది ఒక ఇంట్ అడ్రస్, రెండోది పది ఇంట్‌ల అర్రే అడ్రస్. అర్రే పేరు కాన్‌స్టంట్ పాయింటరే అయితే &మార్కులు అన్నది ఆ పాయింటర్ గది అడ్రస్ కావాలి, ఒకటి కలిపితే 8 బైట్లే జరగాలి. అట్లా జరగదు. అర్రే పేరుకు కొత్త విలువ ఇవ్వలేకపోవడానికి కారణం అది కాన్‌స్టంట్ కావడం కాదు, విలువ దాచుకునే పాయింటర్ అక్కడ లేకపోవడం.

ఫంక్షన్ పారామీటర్, అంటే ఫంక్షన్ తనకు పంపినదాన్ని అందుకునే పేరు, దాని సంగతి వేరు. అక్కడ 'ఇంట్ ఏ[10]' అని రాసినా, 'ఇంట్ ఏ[]' అని రాసినా కంపైలర్ దాన్ని 'ఇంట్ *ఏ' గానే తీసుకుంటుంది. ఆ 10ని పట్టించుకోదు. చూడటానికి అర్రే, నిజానికి పాయింటర్. సీ భాషలో ఈ ఒక్క రాత విధానం వల్ల మోసపోయినంతగా పిల్లలు ఇంకెక్కడా మోసపోరని నా అనుభవం.

'అర్రే అంటే పాయింటరే' అన్న మాట ఒకప్పుడు ఒక భాషలో అక్షరాలా నిజం. ఆ భాష సీ కాదు, దానికి ముందు కెన్ థాంప్సన్ బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసిన బీ. బీలో పది గదుల వెక్టర్ అడిగితే పది గదులతో పాటు ఇంకో గది వచ్చేది, అందులో మొదటి గది అడ్రస్ ఉండేది. పేరు ఆ అదనపు గదిదే. దానికి వేరే విలువ ఇచ్చినా చెల్లేది. 1971-73 మధ్య డెన్నిస్ రిచీ దాన్ని సీగా మలుస్తున్నప్పుడు స్ట్రక్చర్లు (వేర్వేరు రకాల విలువలను ఒక్కచోట కట్టేవి) తేవాల్సి వచ్చింది. అప్పటి యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డైరెక్టరీలో (ఫైళ్ల జాబితాలో) ఒక్కో ఎంట్రీ 16 బైట్లు: ఫైలును గుర్తించే 2 బైట్ల ఐనోడ్ నంబరు, 14 బైట్ల ఫైలు పేరు. డిస్క్ మీద ఉన్న ఆ 16 బైట్ల మీద స్ట్రక్చర్ సరిగ్గా కూర్చోవాలి. అందులోని ఫైలు పేరు అర్రేకు అదనపు పాయింటర్ గది పెడితే ఆ గదిని ఎక్కడ దాచాలి? రిచీ ఆ గదినే తీసేశారు. అర్రే పేరు లెక్కలో వచ్చినప్పుడు అప్పటికప్పుడు అడ్రస్ పుట్టేలా నియమం పెట్టారు. సీ చరిత్ర మీద 1993లో సమర్పించిన పత్రంలో ఆయనే ఈ సంగతి వివరించారు. అంటే మన నోట్సుల్లో ఉన్న వాక్యం, సీ పుట్టేటప్పుడు కావాలని వదిలేసిన పద్ధతిది. సీ ప్రశ్నపత్రంలో బీ జవాబుకు మార్కులు వేస్తున్నాం.

మన ల్యాబుల్లో ఈ తప్పు ఇన్నాళ్లు నిలవడానికి ఇంకో కారణం పాత టర్బో సీ. కొన్నిచోట్ల ఇప్పటికీ, పాత డాస్ ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్‌లో అదే నడుస్తోంది. అది 16 బిట్ కంపైలర్. ఇంట్‌కు 2 బైట్లు, స్మాల్ మెమరీ మోడల్‌లో పాయింటర్‌కూ 2 బైట్లు. ఇంట్‌కూ, పాయింటర్‌కూ 2 కనిపిస్తుంటే తేడా ఎట్లా తెలుస్తుంది? డాస్‌లో మెమరీకి కాపలా కూడా లేదు. 'క్యార్ *ఊరు' అని పాయింటర్ పెట్టి, దాన్ని ఒక స్ట్రింగ్ వైపు చూపించి, మొదటి అక్షరం మార్చినా నోరు మెదపదు. అదే ప్రోగ్రాం లైనక్స్‌లో జీసీసీ అనే ఉచిత కంపైలర్‌తో నడిపితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తాకకూడని మెమరీని తాకిందన్న తప్పు) ఇచ్చి ఆగిపోతుంది. పాయింటర్ బదులు 'క్యార్ ఊరు[]' అని అర్రే పెడితే అక్షరం హాయిగా మారుతుంది, ఎందుకంటే ఆ అక్షరాలు మన సొంత చోట్లోకి కాపీ అయ్యాయి.

ఉదాహరణ ఎంచుకోవడంలో కూడా జాగ్రత్త కావాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో కాజీపేట పేరు 7 అక్షరాలు, స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి సున్నాతో 8. అర్రే సైజు 8, పాయింటర్ సైజు 8. పిల్లలు 'చూశారా, రెండూ ఒకటే' అంటారు. హన్మకొండ జిల్లా పేరును అధికారిక స్పెల్లింగుతో పెట్టండి, 10 అక్షరాలు, సున్నాతో 11. అప్పుడు అర్రేకు 11, పాయింటర్‌కు 8. తేడా బోర్డు మీదే కనిపిస్తుంది.

ఇది పండితుల చర్చ కాదు. దీని వల్ల మామూలు ఇళ్లలో జరుగుతున్న నష్టం ఇదీ:

1. ఒక్క మార్కుతో ఫెయిలైన పిల్లలున్నారు. బ్యాక్‌లాగ్ ఉంటే క్యాంపస్ డ్రైవ్‌లో చాలా కంపెనీలు కూర్చోనివ్వవు. భూపాలపల్లిలో కాంట్రాక్టు కార్మికుడి బిడ్డ, సిరిసిల్లలో మరమగ్గం మీద బతికే ఇంటి పిల్లాడు, పరకాల దగ్గర పత్తి పండించే రైతు కూతురు మన క్లాసుల్లో ఉన్నారు. వాళ్లకు సప్లిమెంటరీ ఫీజు, రీవాల్యుయేషన్ ఫీజు, ఇంకో ఆర్నెల్ల హాస్టల్ ఖర్చు చిన్న విషయాలు కావు. సరైన జవాబు రాసి నష్టపోవడం ఇంకా పెద్ద దెబ్బ. తర్వాతి పరీక్షలో ఆ పిల్లలు తెలిసిన నిజం వదిలేసి, కీలో ఏముంటుందో ఊహించి రాస్తున్నారు.

2. ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్‌ను సీ మీద అడిగితే అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. నోట్సులో చదివింది చదివినట్టు చెప్పి మన పిల్లలు బయటికి వస్తున్నారు. తెలుగు మీడియం సర్కారు బడి నుంచి వచ్చినవారికి ఇది మరీ అన్యాయం. వాళ్లకు అచ్చులో ఉన్న మాట మీద నమ్మకం ఎక్కువ, దాన్ని సరిచూసుకోవడానికి ఇంట్లో కంప్యూటర్ ఉండదు. తర్వాత అమీర్‌పేటలో కోచింగ్‌కు డబ్బు కట్టి, కాలేజీలో నేర్చుకున్నది మరిచిపోవడం నేర్చుకుంటున్నారు.

3. ఒక ఫైల్లో 'ఇంట్ మార్కులు[10];' అని ఉంది. ఇంకో ఫైల్లో, అర్రే అంటే పాయింటరే కదా అని, 'ఎక్స్‌టర్న్ ఇంట్ *మార్కులు;' అని రాశారు. ఎక్స్‌టర్న్ అంటే ఆ పేరు వేరే చోట ఉందని చెప్పడం. రెండు ఫైళ్లూ విడివిడిగా కంపైల్ అవుతాయి. ఫైళ్లను కలిపే లింకర్ టైపులు చూడదు, అతికించేస్తుంది. నడిపినప్పుడు రెండో ఫైలు, అర్రేలోని మొదటి 8 బైట్లను అడ్రస్ అనుకుంటుంది. అంటే మొదటి ఇద్దరు విద్యార్థుల మార్కులు, 35, 40 అనుకుందాం, రెండూ కలిపి ఒక అడ్రస్ అనుకుని ఆ చోటికి వెళ్తుంది. ప్రోగ్రాం కూలుతుంది. నోట్సులో ఉన్న వాక్యాన్ని నమ్మి రాసిన కోడే ఇది. ఫైనలియర్ ప్రాజెక్టుల్లో పిల్లలు ఇట్లాంటి చోట రాత్రుళ్లు కూర్చుని, తప్పెక్కడో దొరక్క, చివరికి 'సిస్టమ్ ప్రాబ్లం' అని వదిలేస్తున్నారు.

4. ఫంక్షన్ లోపల 100 అక్షరాల బఫర్‌ను తుడిచేయాలని సైజాఫ్ వేసి, మెమరీని ఒకే విలువతో నింపే మెమ్‌సెట్ పిలిస్తే 8 బైట్లే తుడుచుకుపోతాయి. మిగతా 92లో అంతకు ముందు వచ్చిన మనిషి వివరాలు అట్లాగే ఉంటాయి. ఆస్పత్రి బిల్లు, బ్యాంకు మెషిన్, రేషన్ దుకాణం మెషిన్, ఎక్కడ ఇట్లా రాసినా ఒకరి వివరాలు ఇంకొకరికి కనిపించే ప్రమాదం ఉంది. పేరున్న నిపుణులకు కూడా ఈ తప్పు తప్పలేదు. 2015లో లైనక్స్ కెర్నెల్ వైర్‌లెస్ కోడ్‌లో 10 బైట్ల అర్రేను పారామీటర్‌గా తీసుకుని, లోపల దాని మీద సైజాఫ్ వేశారు. లైనక్స్‌ను తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని పట్టుకుని, పారామీటర్లను అర్రేల్లా రాయడం మానేయమని అందరికీ కనిపించేలా గట్టిగా రాశారు. అంత అనుభవం ఉన్నచోటే అట్లా జరిగితే, మొదటి ఏడాదిలోనే తప్పు నేర్పినవారి కోడ్ సంగతి ఆలోచించండి.

5. చిన్న మైక్రోకంట్రోలర్లలో ఇప్పటికీ ఎక్కువగా నడిచేది సీనే. పొలం మోటారుకు పెట్టే స్టార్టరు బోర్డు, కరెంటు మీటరు లాంటివాటిలో సెగ్మెంటేషన్ ఫాల్ట్ చూపించే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు. పాయింటర్ హద్దు దాటితే పక్కనున్న విలువ చెడిపోతుంది, అంతే. ఎవరికీ తెలియదు. డిప్లొమా పిల్లలు వెళ్లేది ఎక్కువగా ఇట్లాంటి పనుల్లోకే.

6. పాయింటర్‌కు పొడవు తెలియదన్న నిజం మర్చిపోతే ఏమవుతుందో 1988 నవంబర్ 2న లోకం చూసింది. మోరిస్ వార్మ్ అనే ప్రోగ్రాం, వాడకందారుల వివరాలు చెప్పే ఫింగర్ సర్వర్‌లోని 512 బైట్ల బఫర్‌ను (తాత్కాలిక అర్రేను) పొంగించి కంప్యూటర్లలోకి దూరింది. ఆ సర్వర్ వాడింది ఒక వరుస అక్షరాలు చదివే గెట్స్ ఫంక్షన్. గెట్స్‌కు అందేది అడ్రస్ మాత్రమే, అర్రే ఎంత పొడవో దానికి తెలిసే దారి లేదు. 2011 సీ ప్రమాణంలో గెట్స్‌ను పూర్తిగా తీసేశారు. మన రికార్డుల్లో మాత్రం స్ట్రింగ్ ప్రోగ్రాములకు ఇంకా గెట్స్ రాయిస్తున్నాం.

అధ్యాపకులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒక్కొక్కరి మీద ఎన్ని క్లాసులు, ఎన్ని రికార్డులు దిద్దే భారం ఉందో నాకు తెలుసు. తాము చదువుకున్నప్పుడు రాసుకున్న నోట్సే చాలామంది నిజాయితీగా చెప్తున్నారు. కానీ 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చిన ఊరు మనది, మడికొండలో ఐటీ పార్కు వచ్చిన ఊరు మనది. ఇక్కడి పిల్లలకు తప్పని తెలిసీ ఒక వాక్యాన్ని ఇంకో ఏడాది చెప్పడానికి వీల్లేదు.

మా కోరికలు ఇవి:

1. 'అర్రే పేరు పాయింటరే', 'అర్రే పేరు కాన్‌స్టంట్ పాయింటర్' అన్న వాక్యాలను నోట్సుల్లోంచి, ల్యాబ్ మాన్యువల్ లోంచి తీసేయాలి. వాటి చోట ఇట్లా రాయవచ్చు: 'అర్రే అంటే ఒకే రకం విలువల వరుస. దాని పేరు లెక్కలో వాడినప్పుడు మొదటి ఎలిమెంట్ అడ్రస్‌గా మారుతుంది. సైజాఫ్, & వేసినప్పుడు మారదు. ఫంక్షన్ పారామీటర్‌లో అర్రేలా రాసినది పాయింటరే.' నాలుగు వాక్యాలు చాలు.

2. పైన చెప్పిన రెండు బిట్లకు సరైన జవాబు రాసిన ప్రతి విద్యార్థికీ మార్కు కలపాలి. రీవాల్యుయేషన్ ఫీజు కట్టినవారికే కాదు, అందరికీ. దానివల్ల పాసయ్యేవారికి సవరించిన మెమోలు ఇవ్వాలి. కలపడం కుదరదంటే ఎందుకు కుదరదో రాతలో చెప్పాలి.

3. అవుట్‌పుట్ అడిగే ప్రతి ప్రశ్ననూ పేపరు సెట్ చేసేవారు మిషన్ మీద నడిపి చూసి, ఆ తర్వాతే కీ రాయాలి. ఇంట్‌కు, పాయింటర్‌కు ఎన్ని బైట్లో ప్రశ్నలోనే ఇవ్వాలి. 16 బిట్ జవాబు ఒకటి, 64 బిట్ జవాబు ఇంకొకటి అయినప్పుడు పిల్లలు దేన్ని రాయాలి?

4. ల్యాబుల్లో టర్బో సీ ఆపి జీసీసీ పెట్టాలి. దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు, ఉన్న కంప్యూటర్ల మీదే నడుస్తుంది. 2015లో వచ్చిన జీసీసీ 5 నుంచి పారామీటర్ అర్రే మీద సైజాఫ్ వేస్తే అడగకుండానే హెచ్చరిక ఇస్తోంది. 2024లో వచ్చిన జీసీసీ 14 అయితే, రెండు వరుసల అర్రేను పాయింటర్‌కు పాయింటర్ అనుకుని ఫంక్షన్‌కు పంపితే కంపైలే చేయదు. మనం క్లాసులో చెప్పని తేడాను కంపైలర్ చెప్తోంది. అన్ని వార్నింగులూ ఆన్ చేసి, మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ పెట్టి నడపడం మొదటి ల్యాబ్‌లోనే నేర్పాలి.

5. పాయింటర్ల యూనిట్‌లో ఒక ల్యాబ్ పీరియడ్ పూర్తిగా ఈ తేడాకే ఇవ్వాలి. మెయిన్‌లో సైజాఫ్, ఫంక్షన్‌లో సైజాఫ్, & కలిపిన లెక్క, స్ట్రింగ్ అర్రే, స్ట్రింగ్ పాయింటర్, రెండు ఫైళ్ల ఎక్స్‌టర్న్ ప్రోగ్రాం. పిల్లలు వాటిని సొంతంగా నడిపి, కూలిన చోట ఎందుకు కూలిందో రికార్డులో రాయాలి. గెట్స్ ఉన్న ప్రోగ్రాములన్నీ రికార్డు నుంచి తీసేసి, పొడవు కూడా అడిగే ఎఫ్‌గెట్స్‌తో మళ్లీ రాయించాలి.

6. వైవాలో 'అర్రే, పాయింటర్ ఒకటేనా' అని అడిగి, 'అవును' అన్నవారికి మార్కులు వేయడం వెంటనే ఆపాలి.

ఇందులో రెండో కోరికకు గడువు ఉంది. సప్లిమెంటరీ ఫీజు కట్టే ఆఖరు తేదీ లోపు నిర్ణయం రాకపోతే, సరిగ్గా రాసిన పిల్లలు మళ్లీ ఫీజు కట్టి మళ్లీ అదే పరీక్ష రాయాల్సి వస్తుంది. మిగతావి వచ్చే సెమిస్టర్ పేపర్లు సెట్ అయ్యేలోపు చేస్తే చాలు. ఈ లేఖలోని ఏ మాట మీద అనుమానం ఉన్నా, ఏ కాలేజీ ల్యాబ్‌కైనా వచ్చి ప్రోగ్రాం నడిపి చూపడానికి నేను, నాతో అర్జీ పెట్టిన టీచర్లు సిద్ధంగా ఉన్నాం. రోజు, సమయం మీరే చెప్పండి.

ఇట్లు,
సీ ల్యాబ్ టీచర్,
హన్మకొండ